మన దిక్కు అరిసేటోళ్లు

తమ్ముడు రాజ్ కిరణ్‌కు,

మీరంతా మంచిగున్నరనుకుంటున్న. నాకైతే మనసు మంచిగ లేదు.

నిన్న మన బోధన్ ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచుకు వస్తనని చెప్పి రాకపోతివి. యాడనో విదేశాల ఆడేటోళ్లకు నిజామాబాద్ చౌరస్తల ఫ్లెక్సీలు కట్టిస్తవు. సొంత మేనకోడలు ఆశా గోల్ కీపరుగ నిలబడితే సూడనీకి నీకు తీరదా?

అవతలి జట్టు దిక్కు నాందేడోళ్లు మహారాష్ట్ర నుంచి డప్పులు పట్టుకొని ఆటోలల్ల వచ్చిండ్రు. మన దిక్కు నేనొక్కదాన్నే. ఆశా మోకాలు కొట్టుకపోయి పడితే వాళ్లే ఎత్తుకొచ్చి నా పక్కన కూసోబెట్టిండ్రు.

"మీ ఊరోళ్లు ఏరక్కా?" అని ఒకాయన వచ్చీరాని తెలుగుల అడిగిండు.

"చెరుకు కోతల ఉన్నరు" అన్న. గీ నెలల కోతలు యాడివిరా? మీ ఇజ్జత్ కోసం అబద్ధమాడిన.

పిల్ల కట్టు కట్టించుకొని మళ్లా పోయి నిలబడ్డది. గోల్ల పడేటి ఆఖరి బంతిని ఎగిరి ఆపింది. మ్యాచు సమానంగ అయిపోయింది. అప్పుడు మన పిల్ల కోసం డప్పు కొట్టింది గూడ నాందేడోళ్లే!

వచ్చే ఆదివారం ఆర్మూరోళ్లతోని ఉంది. నీ దోస్తులందరిని పట్టుకొని రా.

ఫోన్ చేసి తిడుదమనుకున్న. ఒక్కదాన్నే అరిసి అరిసి గొంతు పోయింది. గందుకే రాస్తున్న.

మీ అక్క