ఎడమ చేతి అక్షింతలు

గురువారం, పలాస

నేను ఎడిట్ చేస్తున్న పెళ్లి వీడియో ప్లే చేసినప్పుడల్లా ఒకే చోట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, పేరుకున్న కాష్ ఫైళ్లు తుడిచాను. ఈ రోజు క్లిప్పులు ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూస్తే దొరికింది. పెళ్లికూతురి తమ్ముడు డయాలసిస్ వార్డులో ఫోన్‌తో తీసిన క్లిప్ అది. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. వేరే ఫార్మాట్‌లోకి మార్చి పెట్టాను, ఎక్కడా ఆగలేదు. ఎవరూ నేర్పకపోయినా ఈ పని నాకు వచ్చు.

సాయంత్రం పెళ్లికూతురి తండ్రి, నాకు వరసకి మావయ్యే నారాయణ మావ ఫోన్ చేశాడు.

"ఆసుపత్రి ముక్క తీసెయ్, అల్లుడూ. కుడిసేతికి సూదులున్నాయని ఎడంసేత్తో అక్షింతలేసినాను. ఊరోళ్లు సూత్తే ఏటనుకుంటారు? ఇది పెళ్లి కేసెట్టా, ఆసుపత్రి కేసెట్టా అని నవ్వుతారు."

"సూత్తాను మావా" అన్నాను.

పెళ్లిరోజే మావకి డయాలసిస్ పడింది. తాళి కట్టించుకుని అమ్మాయి తిన్నగా వార్డుకే వెళ్లింది. వీడియో మొత్తంలో మావ కనిపించేది అక్కడొక్కచోటే.

క్లిప్‌ను అద్దంలోలా తిప్పితే ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయిపోతుంది. తిప్పి చూశాను. మావ కోరింది కుదిరింది గాని, అమ్మాయి పైట కుడి భుజం మీదికి వచ్చేసింది. చూస్తున్నది మా మావని కాదనిపించింది.

మళ్లీ ఉన్నది ఉన్నట్టే పెట్టాను. అక్షింతలు పడ్డాక అమ్మాయి ఆ ఎడమ చేతినే పట్టుకుని కళ్లకద్దుకుంది. అక్కడ వేగం కాస్త తగ్గించాను. తీసెయ్యలేదని రేపు మావకి ఎలా చెప్పాలో...