రోడ్డుకు అడ్డంగా రెండు గంటలు

శుక్రవారం, రాత్రి

కీమో అయిపోయి మూడు నెలలైనా హాస్టల్ మెట్లు ఎక్కితే చాలు, ఆ పూటంతా పడకే. అయినా ఈరోజు తార్నాకలో వంటావార్పుకి వెళ్లాను. తెలంగాణ కోసం క్యాంపస్ అంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుంటుంటే, నేనొక్కదాన్నే గదిలో రోగిలా ఉండలేకపోయాను.

రూమ్మేట్ స్వరూప నా ముందు చిక్కుడుకాయలు పోసి, "కూసోని ఈనెలు తియ్యి. నినాదాలు మేమిస్తం" అంది.

పది కాయలు తీశానో లేదో, బియ్యం బస్తాకి ఆనుకుని నిద్రపోయాను. లేచేసరికి డప్పులవాళ్లు రోడ్డు ఆ చివరికి వెళ్లిపోయి ఉన్నారు. నా మొహం మీద ఎండ పడకుండా స్వరూప చున్నీ కప్పి ఉంది. చిక్కుడుకాయలు అప్పటికే కూరైపోయాయి.

"ఒక్క పనీ చేయలేకపోయానే. ఇక నేనింతేనేమో" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఏం పని? బస్సులు ఆపుడే గీడ పని. నువ్వు రోడ్డుకు అడ్డం పండుకొని రెండు గంటలు ఆపినవ్. మేం ఒర్రి ఒర్రి గొంతులు పోగొట్టుకున్నం" అంటూ విస్తరిలో అన్నం పెట్టింది. "తిని మల్ల పండు."

చాలా రోజులకి మారు అన్నం అడిగాను. ఈ నీరసం ఎప్పటికి వదులుతుందో తెలియదు. రేపు సీతాఫల్‌మండిలో వంటావార్పు ఉందట. దుప్పటి నేనే తీసుకెళ్తాను.