పేరు చెప్పేదాకా

జనగామ

సుభాష్ అన్నకు,

నీ చెల్లెలు జమున దండాలు. భూపాలపల్లిలో నువ్వు, ఉమ వదిన, పాప సుష్మిత కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నాం. అలవాటు కొద్దీ ఈ మాట రాశాను. కింద దీన్ని నేనే దిద్దాల్సి వస్తుంది.

ఫోన్లో అయితే పాప వింటుందని ఉత్తరం రాశావు, మంచి పని చేశావు. నీ చేతిరాత చూసి మా ఆయన బలరాం, "మీ అన్న బొగ్గుగనిల చీకట్ల కూసోని రాసిండా ఏంది?" అని నవ్వాడు. పత్తి మార్కెట్‌లో ఆయనకు ఊపిరాడని పని. తేమ ఉందని వెనక్కి పంపిన ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి.

పాప కడుపునొప్పి గురించి నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. హనుమకొండలో పేగుల డాక్టరమ్మను కలిశాను. పాపను చూడకుండా ఏమీ తేల్చలేను, తీసుకురండి అన్నది. వానాకాలంలో విరేచనాలు తగ్గినా నొప్పి మిగిలిపోయిందంటే ఐబీఎస్ అనే జబ్బు కావచ్చట. పేగుకు సుస్తీ చేసినప్పుడు ఒంట్లో కాపలా కాసే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొని పోరాడతాయి. కొందరిలో సుస్తీ తగ్గినా ఆ కబుర్లు ఆగవు, పేగు ఉలిక్కిపడుతూనే ఉంటుంది. ఆ కబుర్లు నడిపే జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచో తండ్రి నుంచో వస్తాయట. వాటివల్ల ముప్పు కాస్త పెరగొచ్చు, అంతేగాని అది నొసటి రాత కాదు అన్నది. ప్రాణం తీస్తుందా అని అడిగావు. తీయదు. మన అమ్మకూ ఈ నొప్పి ఉండేది, కానీ ఆమె చనిపోయింది గుండె ఆగి, కడుపునొప్పితో కాదు.

ఇక దీపావళి సంగతి. మన తండాలో పోయిన పెద్దలకు పెట్టేటప్పుడు నిప్పుల మీద అమ్మ పేరున నెయ్యి, బెల్లపన్నం వేస్తే మంట లేవలేదని రాశావు. "సీతాబాయి అలిగింది, పిల్ల కడుపుల కూసుంది" అని మంగ్యా కాక అన్నాడనీ, కోపం చల్లారాలని ఆ మిగిలిన తీపంతా పాపకే తినిపించారనీ రాశావు. మర్నాడు పాప లేవలేకపోయిందంటే లేవలేకపోదా మరి! నొప్పితో ఉన్న కడుపులో అంత నెయ్యి, అంత బెల్లం పోస్తారా? నీ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

అన్నిటికన్నా పాప కూర్చునే తీరుకు భయమేసిందన్నావు. మోకాళ్ళు గదవకు ఆనించి, ఎడమ పిడికిలి పొట్టలో గుచ్చుకొని, మన భాషలో అమ్మను పిలిచినట్టు "చాలు యాడీ, చాలు" అంటుందన్నావు. అచ్చం అమ్మే. తాను పుట్టకముందే పోయిన నానమ్మ తీరు పాపకెట్లా వచ్చిందని అడిగావు. అందుకేగా వచ్చే మంగళవారం కేసముద్రం దగ్గరి మంత్రాలు వేసే భగత్‌తో దయ్యం దింపిస్తామంటున్నారు.

పైన రాసిన మాట ఇప్పుడు దిద్దుతున్నాను. నేను బాగాలేను అన్నా. డాక్టరమ్మకు ముందు చూపించుకున్నది నా కడుపే. ఎండాకాలం సెలవుల్లో పాప నా దగ్గరున్నప్పుడు నేను అలా ముడుచుకొని, అవే మాటలు అంటూ కూర్చోవడం చూసింది.

"అత్తా, గిట్ల కూసుంటే తగ్గుతదా?" అని అడిగింది.

"జర తగ్గుతది బిడ్డా. ఎవలకు చెప్పకు" అన్నాను.

పాప నేర్చుకున్నది నా దగ్గరే. నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఎందుకు దాచావంటావా? భగత్ అంటే భయం.

మన చిన్నప్పుడు అమ్మకు దయ్యం దింపిన రోజు నువ్వు హాస్టల్‌లో ఉన్నావు, చూడలేదు. అమ్మను కూర్చోబెట్టి వేపమండలతో కొట్టారు. "ఎవలు నువ్వు? పేరు చెప్పు!" అని ఒకటే కేకలు. "నేను సీతాబాయిని, నన్ను కొట్టకుండ్రి" అని అమ్మ ఏడ్చింది. ఆ పేరు చెప్పినంతసేపూ దెబ్బలు ఆగలేదు. చివరికి "నేను సోమ్లీని" అని చచ్చిపోయిన తన తల్లి పేరు చెప్పింది. అప్పుడు ఆపారు. అందరూ దండాలు పెట్టారు. ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా తన తల్లే కొడుతోందని అమ్మ కూడా నమ్మింది. "చాలు యాడీ" అనడం అప్పుడే మొదలైంది. ఇప్పుడు నొప్పి లేస్తే నా నోట కూడా ఆ మాటే వస్తోంది. దయ్యం లేదని తెలిసీ వెనక్కి తిరిగి చూస్తున్నాను.

భగత్ ముందు కూర్చోబెడితే సుష్మిత కూడా మొదట తన పేరే చెబుతుంది. దెబ్బలు ఆగవు. అప్పుడు మన అమ్మ పేరు చెబుతుంది. అది విని నువ్వు చేతులు జోడించి "అమ్మా" అని ఏడుస్తావు. నిన్ను ఎరుగుదును కదా.

పాపను ఎక్కడికీ పంపకు. మంగళవారానికి ముందే నేను వస్తాను, హనుమకొండ తీసుకుపోదాం. మంగ్యా కాక ఊరుకోకపోతే భగత్ ముందు నేను కూర్చుంటాను. ఎంత కొట్టినా నా పేరే చెబుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు
జమున