కారు జాకీతో దించిన బిరడాలు

హామిల్టన్, 1974 మార్చి 18. నిన్న కురిసిన మంచు కరుగుతోంది. ఎవరూ జారకుండా పొద్దున్నే మెట్ల మీద ఉప్పు చల్లాను.

కన్సెట్టా అక్కకు, అందరం క్షేమం. మనవరాలి బాప్తిస్మానికి మన ఇంటి వైనే పోస్తున్నాం.

నిరుడు బిరడాలను కొయ్యసుత్తితో కొట్టి దించాను, సగం సీసాలు కారి వైన్ పుల్లబడింది. అందుకే ఈసారి ఒక్క సీసా చెమర్చినా పొరుగింటి ఎర్కోలే దగ్గర వైన్ కొందామని నీ మరదలు ఇడా పట్టుబట్టింది. అతను దుకాణంలో కొత్త బిరడా యంత్రం కొన్నాడు. నేను పాత కారు జాకీని చెక్క చట్రంలో నిలబెట్టి, పైన ఒక ఇనుప కడ్డీ బిగించి, సీసా మూతికి ఇత్తడి గరాటు తొడిగాను. జాకీ సీసాను పైకెత్తితే, కడ్డీ ఒత్తిడికి బిరడా గరాటులో నలిగి సీసాలోకి దిగుతుంది.

"ఏమోయ్ దొనాతో, వైన్ నింపుతున్నావా, టైరు మారుస్తున్నావా?" అని ఎర్కోలే ఒకటే నవ్వు.

వైన్ చెడకూడదని నాన్న చూసినట్టే చంద్రుడు తరిగే రోజు చూసుకుని, గురువారం అరవై సీసాలు నింపి, పాత పేపర్ల మీద పడుకోబెట్టాను. ఇవాళ ఇడా ప్రతి సీసా కింద చెయ్యి పెట్టి తడిమింది. ఎక్కడా తడి లేదు. "సరేలే, ఇదే పోద్దాం. ఎర్కోలేకి వద్దని నేను చెప్తా" అంది.

చెప్పే పని పడలేదు. బిరడాలు మెత్తబడాలని అతను వాటిని మాకరోనీలా ఉడకబెట్టాడట, అవి పట్టు పోయి సీసాలన్నీ కారుతున్నాయి. "మా ఆవిడ చెవిన పడనీకు. నావీ నీ దాని మీదే బిగించిపెట్టవయ్యా" అన్నాడు, నా మొహం చూడకుండా.

నాన్న ద్రాక్ష కత్తెర ఉంటే, ఇటు వచ్చేవాళ్లతో పంపు. నీ మోకాలు ఎలా ఉంది? బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఎర్కోలే సీసాలు మోసుకుని వెనక గుమ్మంలోంచి వస్తున్నాడు, నేను వెళ్లి అందుకోవాలి. ఉంటాను, నీ తమ్ముడు దొనాతో.