కింద వరసలో నీళ్ళు

జూన్ 11, పొద్దున

తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఆయన తడిసిపోతుంటాడు.

పోయిన మనిషికి తడేమిటమ్మా అంటుంది మా అమ్మాయి. దానికేం తెలుసు. ఆయనకి చెమ్మ పడదు. ఉబ్బసం. బతికున్నన్నాళ్ళూ తల తుడుచుకోండి అంటూ తువ్వాలు పట్టుకుని వెంటపడ్డాను. ఆయన పోయాడు గానీ ఈ ఆరాటం పోలేదు.

వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా సమాధుల తోట గోడ. గోడ మీంచి పై గట్టు ఒక్కటే కనపడుతుంది. సరుగుడు చెట్లు, ఊరు మొదలైనప్పటి పెద్దవాళ్ళ రాళ్ళు. కింద వరస గోడ చాటు. ఆయన ఉండేది అక్కడే. ఇంత దగ్గరుండీ కంటికి ఆనడు.

జూన్ 11, సాయంత్రం

వాన వెలిసింది. ఎర్ర బకెట్ తీసుకుని వెళ్ళాను. అనుకున్నంతా అయింది. ఆయన మీద నీళ్ళు నిలబడ్డాయి. తోడుతున్నకొద్దీ ఊరుతున్నాయి.

తోటమాలి వచ్చి, ఏం పెద్దమ్మా, సముద్రాన్ని చెంబుతో తోడుతున్నావా అన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, మా ఆయనకి గొయ్యిలోనే నుయ్యి పడింది నాయనా అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 14

మున్సిపాలిటీ నుంచి ఇంజినీరు పిల్ల వచ్చింది. కింద వరస వాళ్ళ తాలూకు మనుషుల్ని పిలిచి మాట్లాడింది.

అది అసలు గట్టి నేల కాదట. ఒకప్పుడు ఇటుక బట్టీల వాళ్ళు మట్టి తవ్వుకుపోయిన గుంట. నీళ్ళు నిండి చెరువైందట. పైన చోటు చాలక బట్టీ బూడిదా రాళ్ళూ పోసి పూడ్చారట. అప్పుడు తోట ఊరికి దూరం. ఇప్పుడు ఊరే వచ్చి తోట చుట్టూ కూర్చుంది. గేటు ముందు బస్టాప్, వెనక అపార్ట్‌మెంట్లు. వాటి వాననీళ్ళన్నీ మా ఆయన నెత్తినే.

ఇక కింద వరసలో కొత్తగా ఎవర్నీ పెట్టరట. ఉన్నవాళ్ళని పైకి మార్చుకోవచ్చు. వద్దంటే ఉంచేస్తాం గానీ నీళ్ళు మాత్రం ఆపలేం, నెలాఖరులోగా చెప్పండి బామ్మగారూ అంది.

ఆ గుంట మట్టితోనే మన వీధి ఇళ్ళన్నీ కట్టారు పెద్దమ్మా, ఊరు అందులోంచే లేచింది, మళ్ళీ అందులోకే దిగుతోంది అన్నాడు తోటమాలి. ఇంటికొచ్చి పెచ్చులూడిన చోట గోడ ముట్టుకుని చూశాను. చెమ్మగా ఉంది.

జూన్ 15

నిద్ర లేదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేదు.

జూన్ 19

ఆ చోటు ఆయన తనకి తానే చూసుకున్నాడు. మంచాన పడే ముందు, నాలుగడుగులకే ఆయాసమని ఆటో పిలిపించుకుని వెళ్ళాం. పైన గాలి బాగుంటుంది కదండీ అంటే, నువ్వు రోజూ రాకుండా ఉండవు, నీ మోకాళ్ళకి మెట్లు పడవు, కిందే నయం అన్నాడు. పక్కన నాకూ చోటు ఉంచాడు. అద్దె ఇళ్ళు మారీ మారీ విసిగిపోయిన మనిషి. ఇదే ఆఖరి ఇల్లు, ఇక సామాను ఎత్తేది లేదు అన్నాడు.

మారిస్తే ఆయన మాట కాదన్నట్టు. ఉంచితే నీళ్ళపాలు చేసినట్టు. మారిస్తే నేను ఎక్కలేను. ఉంచితే రేపు నేను పోయినా ఆయన పక్కన పడుకోలేను.

మా అమ్మాయి ఫోన్ చేసి మార్చేద్దాం అమ్మా అంది. నువ్వు ఎక్కలేకపోతే ఆదివారం ఆదివారం నేను వెళ్తాలే అంది. కడుపున పుట్టిన పిల్ల పుట్టినరోజే మర్చిపోతుంది అది.

జూన్ 24

పైన జంటగా ఖాళీ ఒక్కచోటే ఉందట. ఎవరి పక్కనో వినగానే గుండెల్లో రాయి పడింది. మా పాత ఇంటి ఓనరు.

వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. నీళ్ళు ఎక్కువ పడుతున్నామని ఓనరు కుళాయికి తాళం వేశాడు. ఈయన ఊరుకున్నాడా, ఆ తాళం మీద ఇంకో తాళం వేశాడు. రెండిళ్ళకీ నీళ్ళు లేవు. మగవాళ్ళు మీసాలు దువ్వుకుంటూ అరుగు మీద కూర్చున్నారు. నేనూ ఓనరు భార్యా పక్క వీధి నుంచి బిందెలు మోశాం.

ఇప్పుడక్కడ కుళాయి లేదులే అమ్మా అని నవ్వుతుంది మా అమ్మాయి. మాటామాటా పెరగడానికి కుళాయే కావాలా.

జూన్ 29

ఇంజినీరు పిల్ల దగ్గరకి నేనే వెళ్ళాను. మార్చండి అన్నాను. కానీ ఓనరు పక్క చోటు నాకు ఉంచి, దాని అవతలది ఆయనకి ఇవ్వమన్నాను. అదేం ప్లాను బామ్మగారూ అంది. తాళాల సంగతి చెప్పాను. పడీపడీ నవ్వింది. నవ్వి, మా నాన్నకీ తాతయ్యకీ మధ్య మా అమ్మా అలాగే కూర్చుంటుంది అంది.

జూలై 8

మార్చారు.

అంత ఎత్తు మనిషి, ఆ కాస్త పెట్టెలో ఇమిడిపోయాడు. ఈసారి సామాను తక్కువే పెద్దమ్మా అన్నాడు తోటమాలి, నవ్వించాలని.

ఇల్లు ఖాళీ చేసినప్పుడల్లా చివర్లో ఒకసారి వెనక్కి వెళ్ళి మూలమూలా చూసి వస్తాను. ఏదో ఒకటి మిగిలిపోయే ఉంటుంది. ఇంకోసారి చూడు నాయనా అన్నాను. అంతా చూశాం అన్నాడు. మళ్ళీ చూడు అన్నాను. విసుక్కుంటూనే బురదలో చెయ్యి పెట్టి కెలికాడు. చొక్కా గుండీ దొరికింది. చెంగుతో తుడిచి పెట్టెలో వేశాను.

వాళ్ళు పైకి మోశారు. నేను కొన్ని మెట్లెక్కి కూలబడ్డాను. మా అమ్మాయి వాళ్ళ వెంట బయల్దేరింది. బకెట్ కూడా తీసుకెళ్ళవే అన్నాను. ఇక తోడేదేముందమ్మా అంది. ఆయన దగ్గర ఉండనీ అన్నాను. పక్కనే బోర్లించి వచ్చిందట.

జూలై 9

కింద వరసకి వెళ్ళాను, అలవాటు కొద్దీ. ఒట్టి గుంట. ఒక కప్ప.

జూలై 13

వాన. జల్లు కొడుతోందని వంటింటి కిటికీ మూయబోయాను. గోడ మీంచి పై గట్టు. ఓనరు నల్లరాయి. కాస్త ఇవతల ఎర్ర బకెట్.

నీళ్ళు ఎక్కడా ఆగడం లేదు. జారి కిందికి పోతున్నాయి.

కిటికీ తీసే ఉంచాను. ఇద్దరూ పేచీ లేకుండా ఉన్నారు. మధ్యలో ఖాళీ. నేను ఇంకా రాలేదు.