చచ్చిపోయిన అక్క కట్టిన రాఖీ

బుధవారం, రాత్రి

మా సూపర్‌హీరో ఉరుము మీద నెలనెలా రెండు కామిక్స్ వస్తాయి. ఒకటి నేను రాసేది, ఒకటి చేవెళ్ల యాదన్న రాసేది. ఈ నెల నా దాంట్లో ఉరుము అక్క చచ్చిపోయింది. యాదన్న దాంట్లో అదే అక్క నవ్వుతూ రాఖీ కట్టింది. రెండూ అచ్చయిపోయాయి.

పొద్దున ఎడిటర్ మేడం ఫోన్ చేసింది. "పిల్లలు ఏది నమ్మాలె? తప్పు ఎవరిదైతే వాళ్ల సిరీస్ బంద్ చేస్త" అన్నది.

ఎవరిని చంపుతున్నామో, ఎవరిని బతికిస్తున్నామో చెప్పుకోవడానికే ప్రతి ఆదివారం మొయినాబాద్ చాయ్ హోటల్లో కలుస్తాం. అక్కను చంపిన వారం నేను వెళ్లలేదు. బద్ధకం, అంతే.

సాయంత్రం యాదన్న ఫోన్. "ఫికర్ చేయకు చెల్లె. నువ్వు చెప్పే ఉంటవు, నాకే యాదికి లేదు. నాదే బంద్ చేయుమని మేడంకు చెప్పిన. ఇగ నాకెందుకు, నా నోట్‌బుక్ ఎల్లుండి తెచ్చి నీకే ఇస్త."

ఆ వారం నేను రానేలేదని చెప్పకుండా, "సరే అన్న" అన్నాను.

ప్రతి ఆదివారం ముచ్చటా తేదీ వేసి రాసుకునే నోట్‌బుక్ అది. ఆ తేదీ కింద "చెల్లె రాలేదు" అని రాసే ఉంటాడు. నాకు ఇచ్చే ముందు ఒక్కసారి తిరగేస్తే…