బ్రౌనీ ఉపవాసం

శుక్రవారం, రాత్రి

నా భార్య సుగుణ పోయిన రోజున కూడా ఇల్లు ఇంత బోసిగా లేదు. ఆ రాత్రి మంచం కింద ఆమె పెంచిన బ్రౌనీ ఊపిరి వినిపించింది. ఇప్పుడు అది బెంజ్ సర్కిల్ దగ్గర కుక్కల డాక్టరమ్మ క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకుంటోంది.

బుధవారం మా చర్చి ప్రార్థన కూటంలో బల్ల గుద్ది మరీ చెప్పాను: "నాతో పాటు మా కుక్క కూడా రెండు రోజులుగా గిన్నె ముట్టడం లేదు. మీరు ఒక్క పూట ఉపవాసం ఉండలేరా?" అందరూ ఆమెన్ అన్నారు. నేను పొంగిపోయాను. ఇవాళ అది లేవలేకపోతే క్లినిక్‌కి మోసుకెళ్లి, అక్కడా ఉపవాసమనే చెప్పాను.

"దానికి ఉపవాసమేంటండీ అయ్యగారూ! చిగుళ్లు చూడండి, ఎలా పాలిపోయాయో. ఏం పెడుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో మిగిలిన కోడికూర గ్రేవీ కలిపి పెడతానమ్మా. లొట్టలేస్తూ తింటుంది."

"అందులో ఉల్లిపాయ ఉంటుంది కదండీ. అది కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సుగుణ దానికి విడిగా చప్పటి అన్నం వండేది. "మహారాణికి వేరే వంటా?" అని వెక్కిరించేవాణ్ణి. "మీకు ప్రసంగం తెలుసు, దాని పొట్ట నాకు తెలుసు" అనేది. ఒక్కసారైనా ఎందుకలా అని అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది...

బైబిలు తెరిచాను, వాక్యం చదవలేకపోతున్నాను. తండ్రీ, ఆదివారం సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకుంటాను. దాన్ని ఇంటికి పంపు. పంపకపోయినా ఒప్పుకుంటాను. కానీ పంపు.